పాలంటే ఏడ్చే పిల్ల

రజిని బిడ్డ ప్రతిభకు రెండున్నరేండ్లు. మాటలు రావు. అమ్మ, నాన్న, ఛీ, గంతే. పాలు కావాలంటే ఖాళీ గ్లాసు పట్టుకొచ్చి కాళ్లకు అడ్డం నిలబడుతది. అసుంటి పిల్ల సోమవారం పొద్దున వంటింట్ల, పాలగిన్నె పెట్టే షెల్ఫ్ దిక్కు చెయ్యి చాపి, "పాల్!" అన్నది.

రజినికి పానం లేచొచ్చింది. చిన్న నోరు, చివరి 'లు' తిరగలేదనుకున్నది. ఉరికి గ్లాసుల పాలు పోసింది. పిల్ల గ్లాసును తోసేసి, "పాల్! పాల్!" అని గుక్కపట్టి ఏడ్చింది.

మంగళవారం గట్లనే. బుధవారం అత్త ఆగమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పులల్ల ఏసింది. ఘాటుకు ఇల్లంత దగ్గింది గని పిల్ల పాట మారలేదు.

"అడుగుతది, ఇస్తే ఏడుస్తది. ఇదేం తెలివి అత్తమ్మా?" అన్నది రజిని. తను తొమ్మిదో తరగతి సగంల బడి మానింది. తన మొద్దుతనమే బిడ్డకు వచ్చిందా? లేకుంటే ఇంట్ల తెలుగు, గల్లీల హిందీ, పైఇంట్ల మరాఠీ కలిసి, ఆ చిన్న మెదడు దోసెపిండి లెక్క పులిసిపోయిందా?

కుట్టుమిషన్ క్లాసుకు పోతూ పిల్లను పైఇంటి రుక్మిణి తాయి దగ్గర వదులుడు ఇగ బంద్ అనుకున్నది. భర్త హరికృష్ణ బొగ్గుగనిల శుక్రవారం సెలవు పెట్టిండు, పిల్లల డాక్టరుకు చూపిద్దామని.

గురువారం సాయంత్రం అందరు వంటింట్ల ఉండంగ తాయి స్టీలు డబ్బా వాపస్ ఇయ్యనీకి వచ్చింది. అప్పుడే పిల్ల అందుకున్నది, "పాల్!" రజిని గ్లాసు అందుకున్నది. తాయి మాత్రం తలెత్తి గోడ చూసింది.

"అగబాయీ! కేవఢీ మోఠీ పాల్!"

పాలగిన్నెకు జానెడు పైన, జానెడంత బల్లి.

"బల్లినా?" అన్నది రజిని.

"హో! బల్లి అంటే మా మరాఠీల పాల్. మా గోడ మీద రోజూ చూస్తది కదా నీ బిడ్డ."

హరికృష్ణ నెత్తి కొట్టుకున్నడు. "నేను పుట్టింది ఈ చంద్రపూర్ల, చదివింది మరాఠీ బడిల. బయట పాల్ అంటే నాకు బల్లే కనపడుతది. ఇంట్ల అడుగుపెడితే చెవి తెలుగైతది!"

"నాది ముప్పయ్యేండ్ల మరాఠీ, నాకేమైంది?" అన్నది ఆగమ్మ. "బల్లి పాలల్ల పడుతదని పిల్ల నాలుగొద్దుల సంది మొత్తుకుంటుంటే, దానికే పొగ పెడితిని. దిష్టి తియ్యాల్సింది నా చెవులకు!"

రజిని బిడ్డను ఎత్తుకొని, "ఇది బల్లి" అన్నది.

పిల్ల అమ్మ ముఖం చూసింది. "బయ్యి." తాయి దిక్కు తిరిగింది. "పాల్." మళ్ల అమ్మకు, "బయ్యి."

మనిషిని చూసి మాట తీస్తది! ఆ తలకాయల ఏదీ పులవలేదు, ఏ డబ్బాకు ఆ మూత పెట్టే ఉన్నది. రజిని నవ్వుతనే కొంగుతోని కండ్లు తుడుచుకున్నది.

"రేపు డాక్టర్ దగ్గరికి పోదామా?" అన్నడు హరికృష్ణ.

"పోదాం. గని మీ అందరి చెవులు చూపిద్దాం. తాయీ, రేపు మధ్యాహ్నం పిల్ల నీ దగ్గరికే."

శుక్రవారం పొద్దున వంటింట్ల మళ్ల కేక, "పాలూ!"

రజిని తటాలున గోడ చూసింది. షెల్ఫ్ మీద, కిటికీ పక్కన, ట్యూబులైటు వెనక, ఎక్కడా బల్లి లేదు. అప్పుడు మోకాలికి సల్లగ ఏదో తగిలింది.

ఖాళీ గ్లాసు.