కారే గదిలో రేకు బాల్చీ

నేను ఒక రేకు బాల్చీని. మ్యూజియంలో తాడు వెనక నిలబడి సొంత కథ చెప్పుకుంటున్నానంటే, ఏ జమీందారు ఇంట్లోనో పన్నీరు మోసినదాన్ని అనుకునేరు. అలాంటిదేమీ లేదు. నా ఒంటి నిండా ఎండిన సున్నం, అడుగున తుప్పు, ఒక చెవి వంకర. నా ముందున్న చీటీ మీద రెండు వాక్యాలు రాశారు. మొదటిది పచ్చి అబద్ధం. రెండోది ఏమిటో మీరే తేల్చుకోండి.

నేను పుట్టింది రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో, మహా అయితే ఇరవై ఏళ్ల కిందట. సుత్తి దెబ్బలు తిని, కరిగిన జింకులో ఒక్క మునక వేసి బయటికొచ్చేసరికి నాలో ముఖం చూసుకోవచ్చు. ఆ మెరుపు ఆరు నెలలుంటే గొప్ప. కొట్టులో మమ్మల్ని ఒకదాన్లో ఒకటి దూర్చి దొంతర పెట్టేవారు. పైదాని అడుగు నాకు తగిలేది, నా అడుగు కిందిదానికి తగిలేది. అంత దగ్గరగా నన్ను ఆనుకుని ఉన్నవాళ్లు ఆ తర్వాత నాకెవరూ దొరకలేదు.

గోడలకి సున్నాలు వేసే పోలయ్య నన్ను వేలితో టంగుమని కొట్టి చూసి కొన్నాడు. మూడేళ్లు అతని చేతిలో ఊరూరా తిరిగాను. పెళ్లికి ముందు సున్నం, పండక్కి ముందు సున్నం. మనుషులకి ఇంట్లో ఏది పాడైనా ముందు గుర్తొచ్చేది సున్నమేనని నాకు ఆ మూడేళ్లలోనే అర్థమైంది. అలా తిరుగుతూ కోనసీమలో కాలవ పక్క వీధిలో ఉన్న పాత పెంకుటింటికి వచ్చాం.

వందేళ్ల కిందట ఆ ఇంట్లో మాణిక్యాంబ అనే ఆవిడ ఉండేది. ఆడదానికి చదువెందుకని ఊరంతా అనుకునే రోజుల్లో, వంటలూ వడ్డనలూ అయ్యాక మధ్యాహ్నం పూట చుట్టుపక్కల ఆడవాళ్లని పిలిచి వీధిగదిలో అక్షరాలు నేర్పేదట. పలకలు కొనే స్తోమత లేదు. పొయ్యిలోని బొగ్గు చేతికిచ్చి గోడ మీద రాయమనేది. రాసింది తుడిచేసేది. కానీ ఎవరైనా తన పేరు తానే తప్పు లేకుండా రాసిన రోజున మాత్రం ఆ పేరు తుడిచేది కాదు. ఆ గోడ మీద అలా ముప్పై ఏడు పేర్లు మిగిలాయి. ఇల్లు మ్యూజియం అయింది ఆ పేర్ల కోసమే. ఆవిడ కళ్లజోడు, పీట, మరచెంబు ఎక్కడికైనా మోసుకెళ్లి దాచుకోవచ్చు. గోడని ఎక్కడికి మోసుకెళతారు?

ఆ ఇంటిని చూసుకునే ట్రస్టుకి కార్యదర్శి చయనులు మాస్టారు. పెద్ద పంతులుగా చేసి రిటైరైన మనిషి, మడత నలగని పంచె. ట్రస్టుకి ఉన్నదల్లా రెండెకరాల కొబ్బరితోట. దాని మీద వచ్చేది కరెంటు బిల్లుకీ, ఏడాదికోసారి సున్నానికీ, తాయారు జీతానికీ బొటాబొటీగా సరిపోయేది.

తాయారంటే మంగతాయారు. ఇల్లు ఊడ్చి, తలుపులు తీసి, వచ్చినవాళ్లకి చూపించి, మళ్లీ తలుపులు వేసే మనిషి. పోలయ్య వీధిగదిలో పేర్ల గోడని వదిలి మిగతా మూడింటికీ సున్నం కొడుతుండగా వాన పట్టుకుంది. పైన దూలం పక్కన పెంకులు జరిగి గది మధ్యలో ధారగా కారడం మొదలైంది. తాయారు పరుగెత్తుకొచ్చి, నాలో ఉన్న సున్నం పెరట్లో కుమ్మరించి, నన్ను తెచ్చి ఆ ధార కింద పెట్టింది. “రేపొచ్చి తీసుకెళతానమ్మా” అన్నాడు పోలయ్య. మరుసటేడు ప్లాస్టిక్ బకెట్‌తో వచ్చాడు. నన్ను చూసి, “అది మీకే అలవాటైపోయినట్టుంది, ఉండనియ్యండి” అన్నాడు.

పదిహేనేళ్లు ఆ చోటే నా చోటు. వానాకాలంలో రోజంతా టప్, టప్. మిగతా నెలల్లో అదీ లేదు. జనం నెలకి నలుగురొస్తే ఎక్కువ. బడిపిల్లలు వరసగా వచ్చి వరసగా వెళ్లిపోయేవారు. ఎవరూ రాని రోజుల్లో కిటికీలోంచి వచ్చిన ఎండ గోడ మీద పేర్ల మీదుగా జరుగుతూ సాయంత్రానికి నా దాకా వచ్చి ఆగేది. నిండుగా ఉన్నప్పుడైనా తాయారు వచ్చి ఎత్తి పారబోసేది. ఖాళీగా ఉన్న బాల్చీతో ఎవరికేం పని? వాన కోసం నేను ఎదురుచూసేదాన్నని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ వానే దూలం వెంట జారి గోడని తినేస్తోంది మరి.

తాయారుకి చదువు రాదు. వచ్చినవాళ్లని ఒక పేరు చూపించి, “ఇదెవరండి?” అని అడిగేది. వాళ్లు చదివి చెప్పేవారు. మర్నాడు ఇంకొకరొస్తే ఇంకొక పేరు. అలా ఏళ్లు పట్టి ముప్పై ఏడుగురూ ఎవరెక్కడున్నారో నేర్చుకుంది. ఇక రోజూ పొద్దున్నే దుమ్ము దులుపుతూ పలకరింపులే. “ఏంటండి ఆదెమ్మగారూ, సాలెపురుగు పట్టేసిందా మిమ్మల్ని?” మొగుడు పోయి, పిల్లలు లేక, వీధి చివర ఒంటి గదిలో ఉండే మనిషి. ఆ గోడే ఆవిడకి ఇరుగూ పొరుగూ. నాతో మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు పేరు లేదు కదా.

ఏటా మార్చిలో మాణిక్యాంబ జయంతి. పెద్దలొస్తారు, దండలు వేస్తారు, మాట్లాడతారు. ఆ ముందురోజు చయనులు మాస్టారు గది గుమ్మంలో నిలబడి తప్పకుండా ఒక మాట అనేవారు.

“తాయారూ, ముందా బాల్చీ తీసెయ్యమ్మా. పెద్దమనుషులు వచ్చేసరికి గది మధ్యలో ఈ బాల్చీ ఏమిటి? మన పరువేం కావాలి?”

“ఇది తీసేత్తే కారడం ఆగుద్దేంటండి మేస్టారూ?”

“మార్చిలో వానెక్కడిదే! తీసెయ్యి.”

నన్ను పెరట్లో నూతి గట్టు పక్కన బోర్లించేవారు. నా చోటులో గచ్చు మీద పడ్డ గుండ్రటి తుప్పు మరక కనపడకుండా క్రోటన్ మొక్క కుండీ పెట్టేవారు. చెమ్మ దిగిన చోట, పేర్లకి పైన, మాస్టారు తన పింఛనుతో కొన్న సున్నం తనే స్టూలెక్కి పూసేవారు. పెద్దలొచ్చి, “అబ్బ, ఎంత బాగా ఉంచారండీ!” అనేవారు. మాస్టారి ముఖం వెలిగిపోయేది.

జూన్‌లో అదే మాస్టారు పైకప్పు పెంకులు తిరగనేయించడానికి నిధులు కావాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టేవారు. అందంగా, గుండ్రటి దస్తూరీతో. దానికి ఏటా ఒకే జవాబు: ‘ఇటీవల సందర్శించిన పెద్దల అభిప్రాయం ప్రకారం భవనం మంచి స్థితిలో ఉన్నది.’ ఆయన ఆ కాగితం పట్టుకుని, “వీళ్లకి కళ్లున్నాయా తాయారూ?” అని మండిపడేవారు. ఉన్న కళ్లకి అడ్డంగా కుండీ పెట్టింది తనేనని ఆయనకి తట్టేది కాదు. బడిలో ఇన్‌స్పెక్షన్ రోజున పిల్లలకి తలలు దువ్వించి నిలబెట్టిన అలవాటు అది.

మొదట పోయింది శేషమ్మ పేరు. పై వరసలో మొట్టమొదటిది. చెమ్మకి సున్నం ఉబ్బి, ఒకరోజు పొద్దున్న పొరగా ఊడి కింద పడింది. తాయారు ఆ పొడిని చీపురుతో ఊడవలేకపోయింది. చేత్తో ఎత్తి, కొంగులో మూటకట్టి, ఎక్కడ వేయాలో తెలియక సాయంత్రం దాకా అలాగే తిరిగింది. రెండేళ్లకి పక్కనున్న కనకరత్నం. అందులో మొదటి సగం నిలిచింది. ఆ తర్వాత చెమ్మ కిందికి, బుల్లెమ్మ మీదికి దిగింది. ఇంకో వానాకాలం దాటదని గోడని చేత్తో తడిమి తాయారు రోజూ అనేది. వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ఆ ఏడు ఎన్నికల వల్ల మార్చిలో జయంతి జరగలేదు. జూలైలో జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరమ్మ వస్తానని కబురు పెట్టింది. మాస్టారు ఆకాశం వంక చూశారు, నా వంక చూశారు. “ఒక్క గంట ఓర్చుకుంటే చాలమ్మా, తీసెయ్యి” అన్నారు. తాయారు నన్ను పెరట్లో పెట్టింది, మరక మీద కుండీ పెట్టింది.

ఆఫీసరమ్మ వచ్చేసరికే మబ్బు పట్టింది. వీధిగదిలో కుర్చీలు వేశారు. మాస్టారు లేచి, “మా తల్లి ఇంటికి ఏ లోటూ రానివ్వకుండా...” అని మొదలుపెట్టారో లేదో, దడదడమని వాన దిగింది. పెరట్లో నా వీపు మీద ఆ వాన దరువు వేస్తుంటే, లోపల నా చోటులో క్రోటన్ ఆకుల మీద మొదటి చుక్క పడిందట. మాస్టారు గొంతు పెంచారు. రెండో చుక్క పడింది. ఇంకా పెంచారు.

తాయారు పెరట్లోకి వచ్చింది. నా చెవి పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. ఇన్నేళ్లుగా మాస్టారి మాట జవదాటని మనిషి. తర్వాత నన్ను ఎత్తుకుని, కుర్చీల మధ్య నుంచి నేరుగా నడిచి గదిలోకి తీసుకెళ్లింది.

“ఇవాళేనండి, మొదటిసారి కారడం” అన్నారు మాస్టారు కంగారుగా.

“ఇవాళేంటండి, పదిహేనేళ్లనుంచీ కారతానే ఉంది” అంది తాయారు. కుండీని పక్కకి జరిపింది. “ఈ మచ్చ సూడండమ్మా. ఒక్కరోజులో పడ్డదా ఇది?” నన్ను ఆ మరక మీద పెట్టింది. అంచుకి అంచు సరిగ్గా సరిపోయాను. గదిలో అందరూ నన్నే చూశారు. నా జన్మలో అంతమంది నన్ను చూడటం అదే మొదలు.

“ఇక్కడ శేషమ్మగారు ఉండేవారండి, పై వరసలో మొదట. పడిపోయారు. ఈవిడ కనకరత్నంగారు, సగమే ఉన్నారు. ఇదిగో, బుల్లెమ్మగారికీ సెమ్మ వచ్చేసింది. వచ్చే ఏటికి ఈవిడా ఉండరండి. మీరు బాగుందని రాసేసి ఎల్లిపోతారు. నేను రోజూ వీళ్ల మొకం సూడాలి కదండి.”

“ఇక్కడ ఏమీ కనపడటం లేదు కదమ్మా, ఎలా చదివారు?” అంది ఆఫీసరమ్మ.

“నాకు సదువు రాదండి. ఎవరెక్కడుంటారో తెలుసు, అంతే.”

ఆఫీసరమ్మ కుర్చీ జరుపుకుని గోడ దగ్గరికి వెళ్లింది. వంగి ఒక్కొక్క పేరూ చూసింది. టప్, టప్ మని నేనొక్కదాన్నే మాట్లాడాను.

అందరూ వెళ్లాక మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. “పదిహేనేళ్లు నేనే అడ్డుపడ్డానన్నమాట తాయారూ” అన్నారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే తాయారు కాఫీ తెచ్చి పక్కన పెట్టి, “ఇల్లు బాగుందనిపించుకోవాలనే కదండి మేస్టారూ మీ తాపత్రయం” అంది. ఆవిడకి ఆయన మీద కోపం ఉందని నేను అనుకున్నాను. లేదు.

ఆ చలికాలానికే నిధులు వచ్చాయి. పెంకులు దింపారు, కుళ్లిన దూలం మార్చారు. పని జరిగినన్నాళ్లూ దుమ్ము పడకుండా గోడకి చెక్కలు బిగించి మూసేశారు. తాయారు ఆ చెక్కల ముందు రోజూ తచ్చాడేది. చివరికి మాస్టారిని అడిగింది. “కనపడకపోతే మర్సిపోతానేమోనని బయ్యంగా ఉందండి. వాళ్ల పేర్లు రాయడం నేర్పుతారా?”

అరవై రెండేళ్ల మనిషికి పాఠం మొదలైంది. పలక కోసం వెతికి, సున్నం పట్టిన నా ఒళ్లు చూసి, “ఇది చాలులే” అన్నారు మాస్టారు. పెరట్లో నన్ను పక్కకి పడుకోబెట్టి, బొగ్గుముక్కతో నా మీద రాయించారు. ఆదెమ్మ రాసి, తుడిచి, బుల్లెమ్మ రాసింది. బొగ్గు గరగరలాడుతుంటే, చెయ్యి నా మీద ఆనించి ఆవిడ ఊపిరి బిగబట్టి రాస్తుంటే, వాన లేకపోయినా నాకు దిగులు లేదు. నా బతుకులో ఆ మూడు నెలలే వేరు. ఒకరోజు ఎవరూ చెప్పకుండానే ‘మంగతాయారు’ అని రాసింది. తడిగుడ్డ తీసుకుంటే మాస్టారు ఆపారు.

“అది తుడవకు. ఈ ఇంటి పద్ధతి నీకు తెలుసు కదా.”

ఇల్లు బాగుపడ్డాక ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. టిక్కెట్టు పెట్టారు, కెమెరా పెట్టారు. పనివాళ్లు ఏజెన్సీ ద్వారా రావాలన్నారు, వయసు దాటినవాళ్లు పనికిరారన్నారు. తాయారుకి శాలువా కప్పి పంపించేశారు. కారడం ఆగింది కనుక నేనూ పనికిరాలేదు. ఇంట్లో వస్తువుల జాబితా రాసేవాళ్లు నన్ను పగిలిన పెంకుల గుట్ట మీదికి విసరబోతుంటే మాస్టారు అడ్డం వచ్చారు.

“అది మాణిక్యాంబగారి బాల్చీ నాయనా, పారెయ్యకండి.”

“దీనిమీద మంగతాయారు అని ఉంది. ఎవరండీ?”

“ఆవిడ ఇంట్లో అందరికంటే ఆఖరున చదువుకున్న శిష్యురాలు” అన్నారు. పదిహేనేళ్లు నన్ను దాచిపెట్టిన మనిషే నన్ను తెచ్చి అందరికీ కనపడేలా నిలబెట్టారు. ‘ఇది మాణిక్యాంబగారి బాల్చీ. దీని మీద పేరు ఆవిడ ఇంట్లో అందరికంటే ఆఖరున చదువుకున్న శిష్యురాలు మంగతాయారుది.’ నేను చెప్పిన ఆ రెండు వాక్యాల చీటీ అలా వచ్చింది.

ఇప్పుడు నాలో దుమ్ము తప్ప ఏమీ పడదు. నా పాత చోటులో కొత్త గచ్చు చేశారు. మరక లేదు.

మొన్న శ్రావణంలో మధ్యాహ్నం పూట తాయారు వచ్చింది. గొడుగు మడిచి, టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. ముందు గోడ దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క పేరూ గాలిలో వేలితో రాస్తూ చదువుకుంది. బుల్లెమ్మ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి చీటీ కూడబలుక్కుంది. రెండుసార్లు చదివింది. తాడు మీదుగా చెయ్యి చాపింది.

“ముట్టుకోకూడదండి” అంది కాపలాకి కుర్చీలో కూర్చున్న అమ్మాయి. “వందేళ్ల నాటి వస్తువు.”

తాయారు చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఈ మంగతాయారు ఎవరమ్మా?”

“అప్పటావిడండి. ఎప్పుడో పోయుంటారు.”

“అలాగా” అంది తాయారు. నవ్విందో లేదో సరిగ్గా చూడలేకపోయాను. అప్పుడే బయట వాన మొదలైంది. ఆవిడ అలవాటుగా తలెత్తి పైకప్పు వంక చూసింది. వెలిసేదాకా అలాగే నిలబడింది. నేనూ పైకే చూస్తూ ఉన్నాను. ఒక్క చుక్క కూడా పడలేదు.