మెట్టవీధి వాల్వు

మెట్టవీధి కొళాయి కింద ఇత్తడి బిందె పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది కమలాక్షమ్మ. కొళాయిలోంచి నీళ్ళు దారప్పోగులా జారుతున్నాయి.

"చూస్తాండావా జకరయ్యా? ఈ బిందె నిండేలోగా నా మనవరాలికి పెండ్లయితాది. అది ఇంగా ఉయ్యాల్లోనే ఉంది."

జకరయ్య నవ్వలేదు. నంద్యాలలో కుందూ మంచినీళ్ళ సహకార సంఘం పుట్టిన నాటి నుంచి వాల్వులు తిప్పే పని అతనిదే. పొద్దున ఆరింటికి పొడుగాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకుని బయలుదేరతాడు. వీధివీధికీ ఉన్న గుంతల్లోకి ఆ తాళంచెవి దించి వాల్వులు తెరుస్తాడు. ఎనిమిదింటికి మూస్తాడు. సాయంత్రం ఐదింటికి మళ్ళీ తెరిచి, రాత్రికి మూస్తాడు.

"మీ మిషన్ పాలెంలో మాత్రం కొళాయి పొంగిపొర్లుతాండాదంట."

"అది పల్లం కదమ్మా. నీళ్ళు ముందు ఆడికే పోతాయి."

"పోయిన నెల నువ్వు పది దినాలు ఊళ్ళో లేవు. అప్పుడు కూడా అది పల్లమే కదా? మాకు బ్రహ్మాండంగా వచ్చినాయి. నువ్వొచ్చినావు, మా నీళ్ళు పోయినాయి. మేమేం గడ్డి తింటాండామా?"

ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. భార్య సలోమికి కామెర్లు వస్తే పసరు వైద్యానికి అవుకు ఊరికి తీసుకుపోయాడు. ఆ పది రోజులూ ఫిట్టరు అబ్రహాము వాల్వులు తిప్పాడు. మెట్టవీధిలో అరగంటకే తొట్లు నిండాయి. జకరయ్య తిరిగొచ్చిన రోజు నుంచీ ఈ దారప్పోగే.

అతను పాలెం మనిషి. నీళ్ళు తన వాళ్ళకే వదులుతున్నాడని ఊరంతా తీర్పు చెప్పేసింది. సంఘం సభ్యులు ముప్పైమంది సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. పాలెం వీధి కొళాయిని మూసేయాలి. దాని మీద ఈ సాయంత్రం నాలుగింటికే మీటింగు. ఎనభై ఇళ్ళకు ఉన్నది ఆ ఒక్క కొళాయి. అది పోతే ఆడవాళ్ళు మైలు దూరం నడిచి కుందూ ఏటి ఇసుకలో చెలమలు తోడుకోవాలి. నిన్నగాక మొన్న మంచం దిగిన సలోమి కూడా.

జకరయ్య తిన్నగా మెట్టవీధి వాల్వు గుంత దగ్గరికి పోయాడు. పైనున్న చెక్కలు తీసి, తాళంచెవితో పాటు తెచ్చుకునే ఇనప కడ్డీ ఒక కొన వాల్వు మీద ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకున్నాడు. గొట్టం లోపల ఏం జరుగుతోందో చెవితోనే తెలుసుకునే పాత పద్ధతి అది.

సుయ్‌మని సన్నగా ఈల వినబడింది.

పూర్తిగా తెరిచిన వాల్వు ఈల వేయదు. ఇరుకు సందులోంచి నీళ్ళు దూరితేనే ఆ చప్పుడు. పొద్దున తన చేత్తోనే కదా, ఆగేదాకా ఎడమకు తిప్పి తెరిచాడు! దాన్ని ముట్టుకోకుండా అట్లాగే వదిలి, ఎనిమిదింటికి మిగతా వాల్వులు మాత్రం మూశాడు.

ఎనిమిదిన్నరకు ఆఫీసులో సూపర్‌వైజరు శేషయ్య కాగితం ముందు పెట్టుకుని గడ్డం గోక్కుంటున్నాడు. మీటింగులో సంఘం ఆఫీసు అభిప్రాయం చదవాల్సింది ఆయనే.

"కొళాయి మూయడం న్యాయం కాదని రాసినాను జకరయ్యా. నీళ్ళు అందకపోతే ముందు గొట్టాన్ని చూడాల, తర్వాతనే మనిషిని అనుమానించాల. అయితే 'మరి మాకెందుకు రాలేదు' అని వాళ్ళు అడుగుతారు. నేనేం చెప్పాల?"

"సార్, మెట్టవీధి వాల్వు ఈల వేస్తాండాది."

శేషయ్య కలం కింద పెట్టాడు. "పాత వాల్వు చెడిపోతే నువ్వు లేనప్పుడు అబ్రహాముతో వేరేది పెట్టించినా. ఆళ్ళగడ్డలో మూతపడిన ఏదో మిల్లు సామాన్లోంచి తెచ్చినాడు."

"ఇప్పుడు యాడున్నాడు?"

"ఆళ్ళగడ్డలోనే. పత్తి జిన్నింగు మిల్లులో చేరినాడు. తొమ్మిదింటి బస్సుంది, బేగా పో. నాలుగు కొట్టేలోగా నాకు ఒక్క కారణం తెచ్చియ్యప్పా."

బస్సు శిరివెళ్ళ దాటాక టైరు పేలింది. ఆళ్ళగడ్డలో దిగేసరికి పన్నెండున్నర. మిల్లు గేటు దగ్గర ఇంకో గంట పడిగాపులు. ఒళ్ళంతా దూదితో బయటికొచ్చిన అబ్రహాము జకరయ్యను చూసి పెద్దగా నవ్వాడు.

"ఏమన్నా, ఇంత దూరమొచ్చినావు? వదినె బాగుందా?"

"బాగుంది. మెట్టవీధిలో ఎట్లాంటి వాల్వు పెట్టినావప్పా?"

"అది ఉల్టాది కదన్నా! మన ఊర్లోవన్నీ ఎడమకు తిప్పితే తెరుచుకుంటాయి. అది ఎడమకు తిప్పితే మూసుకుంటాది. కుడికి తిప్పాల. కొంచెం అరిగింది, మూసినా రవ్వంత కారతాది. నీకు తెలియాలనే కదా మూతరాయి మీద కుడి పక్కకు బాణం చెక్కి వచ్చినా."

జకరయ్య గోడకు ఆనుకున్నాడు.

ఆ బాణాన్ని అతను చూశాడు. అవుకు నుంచి వచ్చిన మొదటి రోజే బడి ముందున్న గుంత మూతరాయిని బండిచక్రం పగలగొట్టింది. పిల్లలు పడతారని మెట్టవీధి మూతరాయిని తీసుకుపోయి అక్కడ పరిచాడు. మెట్టవీధి గుంతకు చెక్కలు కప్పాడు. రాయి మీది బాణం రాళ్ళ గని వాళ్ళు పెట్టుకునే గుర్తనుకున్నాడు. నెల రోజులుగా ప్రతి పొద్దునా తెరుస్తున్నానని మెట్టవీధి నీళ్ళు మూస్తున్నాడు. మూసే వేళ మూస్తున్నానని తెరుస్తున్నాడు. ఆ వేళకు ట్యాంకు దగ్గరే నీళ్ళు ఆపేసి ఉంటారు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తిరుగు బస్సు దాటిపోయింది. చెనక్కాయల లారీ డ్రైవరును బతిమాలి, మూటల మీద కూర్చున్నాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఐదింటికి చప్పుడు చేయకుండా కుడికి తిప్పేస్తే? నీళ్ళొస్తాయి, ఎవరూ అడగరు, ఉద్యోగం నిలుస్తుంది.

లారీ గుంతలో పడి లేచింది. జకరయ్యకు అసలు సంగతి అప్పుడు తట్టింది. నాలుగింటికి పాలెం కొళాయి మూసేస్తారు. ఐదింటికి మెట్టవీధిలో నీళ్ళు దూకుతాయి. 'చూసినారా, పాలెం కొళాయి మూస్తానే మనకొచ్చినాయి' అంటారు. ఆ తర్వాత దాన్ని ఏ దేవుడూ తెరిపించలేడు.

"అన్నా, కొంచెం తొక్కన్నా!" అని క్యాబిన్ మీద గుద్దాడు.

మీటింగు హాల్లోకి అడుగుపెట్టేసరికి నాలుగుంబావు. శేషయ్య కాగితం చదివినా ఫలితం లేనట్టుంది, సంఘం ప్రెసిడెంటు లక్ష్మీనారాయణ చేతులెత్తమంటున్నాడు. సగం చేతులు అప్పటికే లేచాయి. కమలాక్షమ్మ చెయ్యి అందరికంటే ఎత్తుగా ఉంది.

"ఆగండయ్యా! తప్పు పాలెంది కాదు. నాది."

లేచిన చేతులు కిందికి దిగాయి. జకరయ్య నిలబడే అంతా చెప్పాడు. వాల్వు, బాణం, బడి ముందు రాయి, ఏదీ దాచలేదు. ఒగర్పు మాత్రం ఆపుకోలేకపోయాడు.

"నెల దినాలు మా గొంతులు ఎండబెట్టి ఇప్పుడు కతలు చెప్తాండావా?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"కతో నిజమో ఐదింటికి తెలుస్తాది. పాలెం కొళాయి తెరిచే పెట్టండి. మీరే వచ్చి చూడండి."

ఐదింటికి మెట్టవీధి గుంత చుట్టూ ఊరంతా మూగింది. జకరయ్య తాళంచెవి దించి, తెరవడానికి జీవితంలో మొదటిసారి కుడికి తిప్పాడు. పద్నాలుగు చుట్లు. అబ్రహాము మాట తప్పయితే?

ముందు కొళాయి గుర్రుమంది. దగ్గింది. ఎర్రటి తుప్పునీళ్ళు కక్కింది. ఆ తర్వాత మణికట్టంత ధార బిందె అడుగును ఢమఢమ మోగించింది. పాలెం నుంచి ఒకామె పరుగున వచ్చి, అక్కడా తగ్గలేదని చెప్పింది.

"సరే, నీళ్ళొచ్చినాయి," అన్నాడు ప్రెసిడెంటు. "ఇంతమందిని ఏడిపించినవాణ్ణి పనిలో ఎట్ల పెట్టుకుంటాం?"

శేషయ్య ముందుకొచ్చాడు. జేబులోంచి కాగితం తీశాడు. పొద్దున రాసింది కొట్టేసి, జకరయ్య మాటలు విన్నాక దాని కింద కొత్తగా రాసుకున్నాడు.

"ఆఫీసు అభిప్రాయం చదువుతాండా. ఉల్టా వాల్వు పెట్టించింది ఆఫీసు. తిప్పే మనిషికి చెప్పంది ఆఫీసు. నెల దినాలు ఫిర్యాదులు తీసుకుని, ఒక్కసారి కూడా గుంతలోకి తొంగిచూడంది నేను. మెట్టవీధి వాళ్ళకూ పాలెం వాళ్ళకూ సంఘం క్షమాపణ చెప్పాల. ఇంగమీద ఒక వీధికి నీళ్ళు రాలేదని ఇంకో వీధి కొళాయి మూయకూడదు. జకరయ్యను తీసేయాలంటే ముందు నన్ను తీసేయండి."

కమలాక్షమ్మ నిండిన బిందెను పక్కకు జరిపి, రెండోది పెట్టింది.

"కొత్తోణ్ణి తెస్తే వాడు ఏ పక్క తిప్పుతాడో ఏమో," అంది. "ఈయనైతే ఇంగ చచ్చేదాకా మరిచిపోడు. ఈయన్నే ఉండనీండి. ఏమప్పా జకరయ్యా, నిన్ను అనరాని మాటలన్నా. మనసులో పెట్టుకోవద్దు."

"మీరన్నది నిజమేనమ్మా. నేనొచ్చినాకనే మీ నీళ్ళు పోయినాయి."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు ప్రెసిడెంటు కూడా మెత్తబడ్డాడు.

మరునాడు ఆరింటికల్లా బడి ముందు గుంతకు కొత్త రాయి పడింది. బాణం రాయి బండి మీద మెట్టవీధికి తిరిగొచ్చింది. జకరయ్య కుడికి పద్నాలుగు చుట్లు తిప్పి, కడ్డీని చెవికి ఆనించాడు. ఈల లేదు. నిండు గొట్టంలో నీళ్ళు పోయే మెత్తటి హోరు మాత్రం వినిపించింది. పల్లంలో పాలెం కొళాయి దగ్గర సలోమి వంతు వచ్చినట్టుంది, బిందె ఎత్తి నడుముకు పెట్టుకుంటోంది.

కడ్డీనీ తాళంచెవినీ తీసి భుజాన వేసుకుని, అతను తర్వాతి గుంతకు నడిచాడు. అక్కడ మూత తీశాక, తాళంచెవి దించబోతూ ఆగి, మూతరాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు.