షాకీర్ మంచం కింద

మందు నిషేధమున్న అరబ్బు దేశంలో, సులైలోని ఏసీ కంపెనీ క్యాంపులో గురవయ్య, షాకీర్ ఒకే గదిలో ఉండేవారు. ఇద్దరిదీ రాయచోటి. గురవయ్య మెకానిక్కు, షాకీర్ వ్యాను డ్రైవరు, ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. క్యాంపు వెనక స్టోరులో గురవయ్య దొంగచాటుగా బీరు తయారు చేస్తాడని షాకీర్‌కు తెలుసు. ఒక్కసారే అన్నాడు: "నీ ఇష్టమన్నా. గదిలోకి మాత్రం తేవద్దు."

మత్తులేని మాల్టు పానీయంలో ఈస్టు, చక్కెర వేసి పులియబెట్టడమే పని. చిక్కంతా చక్కెరతోనే. తెల్ల చక్కెరతో పల్చగా, పుల్లవాసనతో వచ్చేది. బెల్లంతో అడుగున మడ్డి, నోట్లో చేదు. ఈసారి బతా బజారులో ఖర్జూరపు పాకం కొన్నాడు. రంగు చూసి మురిసిపోయాడు. బుడగలు తగ్గగానే పులియడం అయిపోయిందనుకుని సీసాల్లో నింపాడు. నురగ బాగా రావాలని ఒక్కోదానిలో మరో చెంచా తెల్ల చక్కెర వేసి మూతలు బిగించాడు. లోపల పాకం ఇంకా పులుస్తూనే ఉంది.

ఆ వారం స్టోరు తనిఖీ అన్నారు. గురవయ్య సీసాలు తెచ్చి షాకీర్ మంచం కింద దాచాడు. అక్కడ ఎవరూ వెతకరని.

శుక్రవారం జుమా నమాజుకు బయల్దేరుతూ షాకీర్ చెప్పుల కోసం వంగాడు. సీసా పేలింది. గాజుపెంకు ఎడమ కంట్లో దిగింది.

గురవయ్య ముందు అతన్ని పట్టుకోలేదు. మిగిలిన సీసాలన్నీ బాత్రూములో పారబోసి, వాసన పోయేదాకా నేల కడిగాడు. తువ్వాలు కంటికి అదుముకుని షాకీర్ పావుగంట అలాగే కూర్చున్నాడు.

"అయిందాన్నా?" అని ఒక్కసారి అడిగాడు.

ఆసుపత్రిలో సోడా సీసా పగిలిందని షాకీరే చెప్పాడు. ఆ పావుగంట వల్ల ఏమైనా తేడా వచ్చిందా అని డాక్టరును అడగాలని గురవయ్య రెండుసార్లు తలుపుదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

కంటిచూపు తిరిగి రాలేదు. ఒంటికన్నుతో బండి నడపనివ్వరు. కంపెనీ ఎగ్జిట్ వేసి, ఇంటికి పొమ్మంది.

"నేను పోయి నిజం చెప్పేస్తా షాకీర్," అన్నాడు గురవయ్య.

"చెప్పి ఏం జేస్తావు? నిన్ను జైల్లో ఏస్తారు. నా కన్నయితే రాదు కదా."

"నీ మంచం కింద ఎందుకు పెట్టినానంటే..."

"తెలుసులేన్నా," అని షాకీర్ బట్టలు సర్దుకున్నాడు.

అతను వెళ్లిన నాలుగో రోజు గురవయ్యకు ఫోన్ వచ్చింది. షాకీర్ భార్య ముబష్షిరా.

"అన్నా, అంతా చెప్పినాడు ఆయన. ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి ఎత్తుకపోయినావంట. నువ్వు లేకుంటే ఏమయ్యేదో. నీ మేలు మర్చిపోమన్నా."

లైను తెగిందేమో అనుకుని ఆమె అవే మాటలు మళ్లీ మొదటినుంచి చెప్పింది. గురవయ్య ఫోన్ చెవి నుంచి తీయకుండా చివరిదాకా విన్నాడు.