డెబ్బై ఎనిమిది పూటలు

మస్తాన్ వలి లారీలకు బాడీలు కట్టే మనిషి. తెనాలిలో ఆయన షెడ్డు నుంచి వెళ్ళిన లారీలు తిరగని రాష్ట్రం లేదు గానీ, ఆయన మాత్రం ఇటు రేపల్లె, అటు బాపట్ల దాటి పోయిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ బెంగ ఆయనకు యాభై అయిదో ఏట ఒక్కసారిగా పుట్టుకొచ్చింది. ఎవరో మొగుడూ పెళ్ళాం ఇల్లులాంటి బండిలో అడవులన్నీ తిరుగుతున్న వీడియో ఒకటి ఫోన్లో చూశాడు. చూసినవాడు చూసి ఊరుకోవచ్చు కదా! ఏదో స్కూలువాళ్ళు అమ్మేస్తున్న పాత మినీ బస్సు కొనుక్కొచ్చి షెడ్డులో పెట్టాడు. లారీల పని లేనప్పుడల్లా దాని మీద పడి, సీట్లన్నీ పీకి, మూడేళ్ళలో దాన్ని ఇల్లు చేశాడు.

ఆ మూడేళ్ళలో ఆయన భార్య సుల్తాన్ బీ అలసిపోయింది. బండి కట్టింది ఆయనైతే అలసట ఈవిడకెందుకని అడుగుతారేమో. బండి షెడ్డులో ఉండేది, ప్రయాణం మాత్రం ఇంట్లో ఉండేది. పొద్దున టిఫిన్ దగ్గర నల్లమల, మధ్యాహ్నం అన్నం దగ్గర బందీపూర్, సాయంత్రం టీ దగ్గర కాన్హా. ఏ అడవికి ఏ నెలలో గేట్లు తీస్తారు, ఏ రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఏ క్యాంపులో బండికి కరెంటు ప్లగ్గు ఇస్తారు, ఏ క్యాంపులో బయట పొయ్యి వెలిగించనివ్వరు, ఇవన్నీ ఆవిడకు కంఠతా వచ్చేశాయి. పులి కనపడితే కిటికీ మూసి కదలకుండా కూర్చోవాలని కూడా తెలుసు. ఆవిడ పులిని ఫోన్లో తప్ప చూసింది లేదు.

అయినా మొదట్లో ఆవిడకీ సరదాగానే ఉండేది. నిజం చెప్పాలంటే ఆయనకన్నా ఆవిడకే ఎక్కువ ఆశ. పందొమ్మిదో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. అత్తామామలకూ, ముగ్గురు మరుదులకూ, షెడ్డులో పనిచేసే ఆరుగురికీ వండింది. మరుదులు వేరుపడ్డారు, అత్తామామలు పోయారు, కూతురు ఫర్జానా విజయవాడలో ల్యాబులో ఉద్యోగానికి కుదిరింది. షెడ్డుకు అన్నం క్యారియర్లు మాత్రం ఇప్పటికీ ఈ ఇంటి నుంచే వెళతాయి. ఆవిడ కోరుకున్నది పెద్దదేం కాదు. ఎక్కడైనా ఒక కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఎవరూ ఏమీ అడక్కూడదు. చెట్లు కనపడితే చెట్లు చూడాలి, నిద్రొస్తే పడుకోవాలి. అడవి అంటే ఆవిడకు అంతే.

అలా ఉండగా ఒకరోజు మస్తాన్ వలి ఆవిడని షెడ్డుకు పిలిచాడు. చెయ్యి మోచేతి దగ్గర మడిచి నిలబడమని, బండి గోడకు పెన్సిలుతో గీత గీశాడు.

"ఏంటండీ ఇది?" అంది.

"నువ్వు చూస్తూ ఉండు," అన్నాడు ఆయన.

వారం తర్వాత ఆ గీత ఎత్తున వంటగట్టు లేచింది. టేకు చెక్క, పైన నల్లరాయి, రెండు మంటల స్టవ్వు, పక్కన సింకు, కింద సిలిండరు గూడు, పైన బండి ఊగినా కిందపడకుండా అడ్డకర్రలున్న పోపు డబ్బాల అర. వంగక్కర్లేదు, చెయ్యి ఎత్తక్కర్లేదు. ఇంట్లో ఆవిడ గట్టు అత్తగారి ఎత్తుకు కట్టింది. ముప్ఫై ఏడేళ్ళు దాని దగ్గర నడుం వంచే వండింది. బండిలో గట్టు మాత్రం అచ్చంగా ఆవిడ కొలత.

"నీ కోసం కట్టా సుల్తానూ! ఇంకెవరి చేతికీ అమరదు," అన్నాడు మస్తాన్ వలి. ఆయన కళ్ళలో ఆ మెరుపు ఆవిడ చూసింది. ఇంత ప్రేమగా కట్టినదాన్ని చూసి నాకిది వద్దని ఏ నోటితో అంటుంది? బాగుందండీ అంది. బాగానే ఉంది మరి! ఆయన చేతిలో పడ్డ చెక్క బాగాలేకపోవడం ఎప్పుడూ లేదు. ఆ రాత్రి మాత్రం ఆవిడకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ప్రయాణం డిసెంబరు పదిన ఖాయమైంది. ఇరవై ఆరు రోజులు. నల్లమలతో మొదలుపెట్టి బందీపూర్, నాగర్‌హొళె, అక్కణ్ణుంచి పైకి తిరిగి తడోబా, పెంచ్, కాన్హా. క్యాంపులన్నీ ఫర్జానా ఫోన్లోనే బుక్ చేసింది. అడవులు ఆరే గానీ, మస్తాన్ వలి నోటుబుక్కులో మధ్య మధ్య తొమ్మిది చుట్టాల ఇళ్ళు చేరాయి. ఎందుకంటే ఊరి మీదుగా వెళుతూ గుమ్మం తొక్కకపోతే జీవితాంతం దెప్పుతారు. పైగా వాళ్ళ ఇంటి ముందు బండి ఆపితే కిటికీలోంచి కరెంటు వైరు లాక్కోవచ్చు. కర్నూల్లో పిన్ని వరసయ్యే ఖాలా, బళ్ళారిలో పినతండ్రి కొడుకు, నాగపూర్లో సుల్తాన్ బీ ఎన్నడూ పేరైనా వినని బంధువొకరు.

బయల్దేరే ముందు ఒకసారి బండి ఎలా నడుస్తుందో చూద్దామని నవంబరు చివరి ఆదివారం బాపట్ల సూర్యలంక ప్రయాణం పెట్టుకున్నారు. పొద్దున్నే బయల్దేరి, సముద్రం ఒడ్డున సాయంత్రం దాకా ఉండి రావాలి. ఇద్దరే. సుల్తాన్ బీ ముందురోజే పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. అంటే మర్నాడు స్టవ్వు వెలిగించే పని లేదన్నమాట. ఈ ఎత్తు ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

మరి అటు బాపట్లలో ఉన్నది మస్తాన్ వలి చెల్లెలు పర్వీన్. ఆవిడకు చెప్పకుండా ఆ ఊరి మీదుగా ఎలా వెళతారు? ఫోన్ చేశాడు. ఇంకేముంది, వీళ్ళ బండి సరుగుడు తోట పక్కన ఆగీ ఆగకముందే పర్వీన్, ఆవిడ మొగుడు అయాజ్, అత్తగారు, తోటికోడలు, పిల్లలు మొత్తం పదకొండు మంది రెండు ఆటోల్లో దిగారు. అయాజ్ చేతిలో రొయ్యల సంచి.

"భాభీ, మీ వంటగది చూద్దామనే వచ్చాం! అన్నయ్య ఏడాది నుంచీ ఊరిస్తున్నాడు. ఇవాళ బండిలో వండిన కూర తినందే కదిలేది లేదు," అంది పర్వీన్.

ముందు అందరికీ టీ. రెండు మంటల మీద పదమూడు టీలంటే మూడు విడతలు. తర్వాత రొయ్యలు ఒలవాలి. పర్వీన్ సాయానికి లోపలికి రాబోయింది గానీ, గట్టు దగ్గర ఇద్దరు నిలబడే చోటు లేదు. ఒక మనిషి కొలతకు కట్టిన గట్టు కదా! "మీరొక్కరే హాయిగా చేసుకోండి భాభీ," అని దిగిపోయింది. రొయ్యల వేపుడు, రొయ్యల పులుసు, అన్నం రెండు వాయిలు, పిల్లలకు గుడ్లట్లు. బయట మస్తాన్ వలి వచ్చినవాళ్ళకు బండి చూపిస్తున్నాడు. బెర్తు మడత పెట్టి చూపించాడు, నీళ్ళ ట్యాంకు తట్టి చూపించాడు, చివరికి కిటికీలోంచి సుల్తాన్ బీని చూపించి, "చూడండి, మా ఆవిడ నడుం వంచకుండా ఎలా వండుతుందో!" అన్నాడు. అందరూ చూశారు. ఆవిడ చెమట తుడుచుకుని నవ్వింది.

భోజనాలయ్యాక అయాజ్ ఆ ప్రయాణం నోటుబుక్కు తిరగేసి, తను ఇప్పటిదాకా పులిని చూడలేదన్నాడు. పర్వీన్ అన్న చెయ్యి పట్టుకుంది. "మేమూ వస్తాం అన్నయ్యా! బెర్తులు నాలుగున్నాయిగా?"

"నాలుగు కట్టింది నలుగురి కోసమే కదా!" అన్నాడు మస్తాన్ వలి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

సుల్తాన్ బీ సింకులో గిన్నెలు కడుగుతూ ఇది విన్నది. చెయ్యి ఆగలేదు. కడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

తిరుగు దారిలో పొన్నూరు దాటాక ఫర్జానా ఫోన్ చేసింది.

"ఎలా ఉంది అమ్మీ సముద్రం? అలలు బాగా వచ్చాయా?"

సుల్తాన్ బీ జవాబు చెప్పబోయి ఆగింది. బండిని తలుపు సముద్రం వైపు ఉండేలా ఆపారు. వంటగట్టు కిటికీ రోడ్డు వైపు. టీలు, రొయ్యలు, గిన్నెలు అయ్యేసరికి పొద్దు వాలింది, బండి తిప్పేశారు. పొద్దుటి నుంచీ సముద్రం హోరు చెవుల్లో వింటూనే ఉంది. కళ్ళతో మాత్రం చూడలేదు.

"బాగుంది," అని ఫోన్ పెట్టేసింది. అరచేతులు రొయ్యల వాసన కొడుతున్నాయి. దారి పొడవునా ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఒట్టి అలసట. ఎవరైనా ఇప్పుడు ఇక్కడే రోడ్డు పక్కన దించేసి పడుకోమంటే పడుకుంటుంది. పోనీ ఇదొక్క రోజే అనుకుందామంటే, ముందు ఇరవై ఆరున్నాయి. తొమ్మిది ఊళ్ళలో తొమ్మిది చుట్టాల ఇళ్ళు. బండిలో వంట చూడకుండా ఎవరు వదులుతారు?

మర్నాడు సాయంత్రం మస్తాన్ వలి నోటుబుక్కు ముందేసుకుని కొత్త పేజీ రాస్తున్నాడు. ఎవరి పని ఏమిటో ఒక వరస. డ్రైవింగు: నేను. దారి చూడడం: అయాజ్. క్యాంపుల వాళ్ళతో ఫోన్లు: పర్వీన్. వంట: సుల్తాన్. పేజీ ఆవిడకు చూపించి, సరుకులకు చీటీ రాయమని పెన్ను అందించాడు.

ఆవిడ పెన్ను తీసుకోలేదు.

"మీరు వెళ్ళి రండి," అంది. "నేను రాను."

మస్తాన్ వలి అర్థం కానట్టు చూశాడు. "ఏంటి, ఒంట్లో బాగాలేదా? నిన్న ఎండ తగిలిందా?"

"ఎండ తగలడానికి నేను బయటికొస్తే కదండీ! ఇరవై ఆరు రోజులు, రోజుకు మూడు పూటలు. లెక్కేశా. డెబ్బై ఎనిమిది పూటలు. చుట్టాలు వస్తే ఆ పైన. ఇక్కడ చేసే వంటే అక్కడా చేస్తా, నా కిటికీలోంచి ఏ అడవైనా ఒకటే. మీరు నా కోసమే కట్టారు, నాకు తెలుసు. తెలుసు కాబట్టే మూడేళ్ళు నోరు మూసుకున్నా. నాకు అడవి వద్దు, పులి వద్దు. అలిసిపోయానండి. మీరంతా వెళితే ఈ ఇంట్లో ఇరవై ఆరు రోజులు నేనొక్కదాన్నే ఉంటా. షెడ్డు క్యారియర్లు కూడా హోటలుకు చెప్పండి."

ఇన్ని మాటలు ఆవిడ ఒక్కసారి మాట్లాడడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. మస్తాన్ వలి నోటుబుక్కు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. మనసులో ఉన్నది దాచుకోవడం తెలీని మనిషి, ఉన్నదున్నట్టు అడిగేశాడు.

"నువ్వు రాకపోతే మరి వంట ఎవరు చేస్తారు?"

అన్నాక ఆ మాట ఆయన చెవికే వినపడింది. నాలుక కరుచుకున్నాడు గానీ, మాట బయటికి వచ్చేసింది. మూడేళ్ళుగా ఊరందరికీ మా ఆవిడ కోసమని చెప్పుకున్న మనిషి, ఆవిడ ముఖం చూడలేక నోటుబుక్కు మూసేసి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

పొద్దున ఇంటి ముందు ఆపిన బండి దగ్గర చప్పుళ్ళు విని సుల్తాన్ బీ వెళ్ళి చూసింది. మస్తాన్ వలి మోకాళ్ళ మీద కూర్చుని, పానా పట్టుకుని గట్టు బోల్టులు విప్పుతున్నాడు. స్టవ్వు అప్పటికే విప్పి కింద పెట్టేశాడు. నల్లరాయి గోడకు ఆనించి ఉంది. రాత్రంతా నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నాయి.

"ఏంటండీ ఇది?"

"తీసేస్తున్నా." ఆయన తల ఎత్తలేదు. "ఇక్కడ నీకు కుర్చీ వేస్తా, పెద్ద కిటికీ పెడతా. దారిలో హోటళ్ళున్నాయి, ఎక్కడో ఒకచోట తింటాం. పర్వీన్‌కి రావద్దని చెప్పేశా, అలిగింది. అలగనీ. ఇప్పుడైతే వస్తావా?"

ఆ టేకు చెక్కను ఆయన ఎన్ని రోజులు చిత్రిక పట్టాడో ఆవిడకు తెలుసు. వస్తానని చెప్పాలనే ఉంది. కానీ వస్తే మళ్ళీ బట్టలు సర్దాలి, మందులు సర్దాలి, తొమ్మిది ఊళ్ళలో తొమ్మిది సార్లు నవ్వాలి. అంత ఓపిక ఒంట్లో ఎక్కడ వెతికినా దొరకలేదు.

"ముందు నన్ను నాలుగు రోజులు పడుకోనివ్వండి," అంది. "లేచాక అడగండి. అప్పుడు చెబుతా."

మస్తాన్ వలి తల ఊపాడు. బుకింగుల మాట ఎత్తలేదు, పదో తారీకు మాట ఎత్తలేదు. ఎంత కావాలంటే అంత పడుకో అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. పానా పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఎండ ఎక్కుతోందని పైకి చూసి, రోజూ ఆ వేళకు అడిగినట్టే అడిగాడు.

"మరి ఇవాళ మధ్యాహ్నానికి ఏం కూర?"

సుల్తాన్ బీకి నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆయన పానా పక్కన నిలబడి, తానేం అన్నాడో తెలియక బిక్కముఖం వేసుకుని చూస్తున్నాడు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది.