నూట అరవై ఐదు గ్రెయిన్లు

ఆరిన్ తూటాల పెట్టెల మీద దుమ్ము తుడుస్తూ, బరువుల వారీగా వాటిని ముందుకు జరుపుతున్నాడు. పై అరలో నూట పాతిక గ్రెయిన్ల గుండ్లు, దాని కింద నూట యాభై, ఆ కింద నూట అరవై ఐదు, అడుగున నూట ఎనభై. అన్నీ ఒకే రకం రైఫిల్‌వే. గ్రెయిన్లలో తూచే గుండు బరువే వేరు. ఏది ఎవరికి పనికొస్తుందో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడమే ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని ఉద్యోగం.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వంగిన మెడ, ముక్కు చివరికి జారే కళ్ళద్దాలు. కుర్రతనంలో చెవులు మూసుకోకుండా కాల్చినందుకు ఎడమ చెవి పోయింది. ఎవరైనా మాట్లాడితే కుడి చెవి వాళ్ళ వైపు తిప్పి వింటాడు. చూసేవాళ్ళకది అనుమానంగా వింటున్నట్టు ఉంటుంది.

అక్టోబరు శుక్రవారం. మర్నాడు పొద్దున్నే ఎల్క్ దుప్పుల వేట మొదలు. ఆ హార్డ్‌వేర్ కొట్టుకి అమెరికాలోని ఆ మోంటానా లోయంతా దిగి వచ్చినట్టుంది. అందరికంటే ముందు, కలప కోతమిల్లులో పనిచేసే గేరెట్ మోచేతులు గాజు బల్ల మీద ఆనించాడు.

"పైనున్న ఆ తేలికవి రెండు పెట్టెలు తియ్యి, ముసలాయనా."

"దేనికి?"

"దేనికేంటి, ఎల్క్‌కి! ఎంత తేలికైతే అంత వేగం అంటున్నాడు మా బావమరిది."

"మీ బావమరిది ఎన్ని కొట్టాడేంటి?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గేరెట్ చెవులు ఎర్రబడ్డాయి.

"అవి కొయోట్ నక్కలకి. ఎల్క్ భుజం ఎముకకి తగిలితే పైపైనే చితికిపోతుంది గుండు. అది చావదు, కుంటుకుంటూ పోతుంది."

"నా దుప్పి, నా ఇష్టం. మధ్యలో నీకెందుకయ్యా?"

"ఇంకా నీది కాలేదుగా."

గేరెట్, కొట్టు యజమాని వైపు తిరిగాడు. "మార్వ్, చూశావా నీ మనిషి సంగతి?"

"ఇచ్చెయ్యరాదూ, ఆరిన్. పొద్దున్నే ఈ గోలేంటి?" అన్నాడు మార్వ్ కూర్చున్న చోటినుంచే.

"ఇవ్వాలంటే నువ్వొచ్చి ఇవ్వు. నా చేత్తో నేనివ్వను."

మార్వ్ లేవలేదు. గేరెట్ గొణుక్కుంటూ నూట ఎనభై పట్టుకుని పోయాడు.

ఆరిన్ వేటకి వెళ్ళడం మానేసి పంతొమ్మిదేళ్ళయింది. ఎవరడిగినా మోకాళ్ళ నొప్పులంటాడు. ఊరు నమ్మేసింది.

పదకొండున్నరకి డెలా ప్రూట్ వచ్చింది. బడి వంటగదిలో పనిచేస్తుంది. ఆమె భర్త లీలండ్ మార్చిలో చెట్లు నరికేచోట ప్రమాదంలో పోయాడు. చేతిలో సగం ఖాళీ అయిన తూటాల పెట్టె ఉంది, నూట ఎనభై గ్రెయిన్లవి.

"ఇవి పాడైపోయాయేమో చూస్తారా? పదిసార్లు కాల్చాను. ఒక్కటీ తగల్లేదు."

"ఎక్కడ కాల్చబోతున్నావమ్మా?"

"మా ఇంటికి ఎగువన కొండ మీద, పైన్ చెట్లలో. గురి వంద గజాలు కూడా ఉండదు."

"మరి భుజమేమంటోంది?"

ఆమె కొంచెం సిగ్గుపడి, చొక్కా మెడ పక్కకి లాగి చూపించింది. భుజం దగ్గర అరచేయంత మేర నల్లగా కమిలిపోయి, అంచులు పసుపు పచ్చగా తిరిగాయి. ఆరిన్ మూడు పెట్టెలు తీసుకుని, టోపీ పెట్టుకున్నాడు.

"భోజనానికి పోతున్నా" అన్నాడు మార్వ్‌తో. భోజనానికి పోలేదు.

డెలాని ఊరవతల కంకర గోతికి తీసుకెళ్ళి, వంద గజాల దూరాన ఒక కాగితం పళ్ళెం కర్రకి మేకు కొట్టి నిలబెట్టాడు. ఆమె రైఫిల్ తీసుకుని, అటు తిరిగి, తూటా పెట్టే బోల్టు వెనక్కి లాగి మూసి, చేతికిచ్చాడు. డెలా గురిచూసి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కింది. టిక్కుమంది, అంతే. కానీ గొట్టం జానెడు కిందికి పడింది, ఆమె కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.

"అందులో తూటా లేదమ్మా."

"నన్ను ఆటపట్టిస్తున్నారా?"

"లేదు. పేలకముందే నువ్వు ఉలిక్కిపడుతున్నావు. అంత బరువు గుండుకి ఆ తుపాకీ గాడిదలా తన్నుతుంది. నీ భుజానికది తెలిసిపోయింది."

"లీలండ్ అవే వాడేవాడు."

"లీలండ్ ఎద్దులా ఉండేవాడు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

నూట యాభై గ్రెయిన్లతో తన్ను తగ్గింది. కానీ ఆ తుపాకీ గొట్టానికి అవి సరిపడలేదు. రంధ్రాలు పళ్ళెం నలుమూలలకీ చెదిరాయి. నూట అరవై ఐదు పెట్టి, మెల్లిగా కాల్చమన్నాడు. ఒకటి. చాలాసేపాగి ఇంకొకటి. మూడోసారి ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. పళ్ళెం మధ్య మూడు రంధ్రాలూ పక్కపక్కనే పడ్డాయి, అరచేత్తో మూయొచ్చు.

డెలా ఆ పళ్ళెం చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"చలికాలమంతటికీ మాంసం కావాలి, నిజమే. కానీ నేను సరిగ్గా కొట్టలేక, అది ఎక్కడో పడి బాధపడితే? అదే నా భయం."

ఆరిన్ పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"నేనూ కొట్టానమ్మా ఓ ఆడ ఎల్క్‌ని. తేలిక గుండుతో. ఎక్కువ దూరం పోతుందని ఆశ. భుజానికి తగిలింది, పడింది, లేచింది. మూడు రోజులు నెత్తురు చుక్కలు పట్టుకుని వెంట తిరిగా. మూడో రోజు మంచు కురిసింది. ఇక ఏ జాడా లేదు."

ఇది అతను భార్య బతికుండగా ఆమెకి కూడా చెప్పలేదు.

డెలా ఓదార్చలేదు. "అందుకేనా పొద్దున గేరెట్‌తో పోట్లాట?" అంది.

"అప్పుడే తెలిసిందా?"

"ఈ ఊళ్ళో ఏం దాగుతుంది?"

"ముందుకాలి వెనక, ఒంట్లో కింది మూడో వంతులో కొట్టు. ఆ చోటు కనబడకపోతే కాల్చకు. ఉత్తచేతుల్తో ఇంటికొచ్చెయ్. సిగ్గేం లేదు."

మధ్యాహ్నమంతా జనం విరగబడ్డారు. ఆరిన్ నిలబడే ఏదో రొట్టె ముక్క తిన్నాడు. ఆరింటికి గాజు బల్ల తుడిచి, కోటు తొడుక్కుని, మార్వ్‌కి చెయ్యూపి వెళ్ళాడు.

సోమవారం ఎనిమిదయినా ఆరిన్ రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. మార్వ్ వెళ్ళి చూశాడు. ఆరిన్ వంటింటి కుర్చీలో ఉన్నాడు, చొక్కా గుండీలు సగం పెట్టుకుని. ఆదివారం పొద్దున పోయి ఉంటాడన్నాడు డాక్టరు. బుధవారం పాతిపెట్టారు. గేరెట్ కూడా వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని చివర నిలబడ్డాడు.

గురువారం డెలా కొట్టులోకి వచ్చింది. అక్కతో కలిసి ఆరు రోజులు కొండ మీదే గుడారం వేసుకుని ఉంది. బుగ్గలు చలికి పగిలి ఉన్నాయి, జుట్టు పొగ వాసన వేస్తోంది.

"ఆయనేరీ? మంగళవారం కొట్టా! ఒక్కటే గుండు, మార్వ్. ఇరవై అడుగులు నడిచి కూలిపోయింది. పిలవండి, నేనే చెప్పాలి."

మార్వ్ బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికొచ్చాడు. నెమ్మదిగా చెప్పాడు.

ఆమె విన్నది. "ఎప్పుడు?" అంది. ఆదివారమన్నాడు. తల ఊపింది. అరల వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా బయటికి నడిచింది. తలుపు గంట మోగింది.

వచ్చినప్పుడే చంకలోంచి తీసి ఆమె గాజు బల్ల మీద పెట్టిన పొట్లం అక్కడే ఉండిపోయింది. తెల్ల కాగితం, పురికొస కట్టు, పైన పెన్సిలుతో రాసిన అక్షరాలు: 'ఆరిన్ గారికి. వెన్ను పక్క మెత్తటి మాంసం. ఎక్కువ వేయించకండి.'