మట్టానికి బిగించిన సొరుగులు

మిన్నెసోటాలో ఆర్విడ్ హౌగెన్ కట్టిన ఇళ్ళలో ఒక్క గోడ కూడా ఇప్పటిదాకా వెంట్రుకవాసి వాలలేదు. ఈ సంగతి ఆయన్ని ఎవరూ అడగరు, ఆయనే చెబుతాడు. సొంత ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో చక్రాల మీద ఇల్లులాంటి ట్రైలర్ కొని, దాన్ని ట్రక్కు వెనక తగిలించుకుని భార్య మార్లిస్‌తో అరిజోనా ఎడారిలో చలికాలపు ఎండ కాచుకుంటున్న ఈ వయసులో కూడా అంతే. పక్క ట్రైలర్ వాళ్ళు పొరపాటున పలకరించారంటే ఏదో ఒక గోడ సంగతి విని తీరాల్సిందే.

పాపం, ఈ ట్రైలర్ ఆయన కట్టింది కాదు. దాని వంటింటి సొరుగులు అట్టముక్కలాంటి ప్లైవుడ్‌తో చేసి, కాగితాలకి కొట్టే పిన్నుల్లాంటివి కొట్టి వదిలేశారు. పొద్దున బయల్దేరి గతుకుల రోడ్డు మీద కాసేపు పోతే చాలు, సాయంత్రం తలుపు తీసేసరికి సొరుగుల అడుగులు ఊడి, ఫోర్కులూ గరిటెలూ కాఫీపొడీ నేలంతా పరుచుకుని ఉండేవి. మార్లిస్ మోకాళ్ళ మీద కూర్చుని అవన్నీ ఏరుతుంటే, ఆర్విడ్ నిలబడి తప్పెవరిదో తేల్చేవాడు. ఒకరోజు ఫ్యాక్టరీ వాడిది, ఒకరోజు రోడ్డు వేసినవాడిది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఒకసారి మార్లిస్ వాళ్ళమ్మ ఇచ్చిన ఇనప పెనానిది కూడా అయింది.

పెనం మాట ఎత్తిన రోజున మార్లిస్ ఏరుతున్న ఫోర్కులన్నీ మళ్ళీ నేలమీద పడేసి లేచి నిలబడింది.

"ఇదిగో ఆర్విడ్, చెప్తున్నా విను. ఇక్కణ్ణించి మనం యూమా ఊరు చేరేలోపు ఇంకొక్క చెంచా కింద పడిందంటే కర్ట్‌కి ఫోన్ చేస్తా. బేస్‌మెంట్ ఖాళీగానే ఉందన్నాడు వాడు."

కర్ట్ అంటే వాళ్ళబ్బాయి, ఫార్గోలో ఉంటాడు. నేలకి దిగువన ఉండే ఆ బేస్‌మెంట్‌లో కొడుకు ఎప్పుడూ ఎక్కని నడక మిషనూ, జింక మాంసం నింపిన ఫ్రీజరూ, జానెడు కిటికీ ఉన్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ కిటికీలోంచి కనపడేది మంచు అడుగుభాగం. ఆర్విడ్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫ్రీజర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఒకటే కలవరం. ఆయనకి నిజంగానే భయం వేసింది.

మర్నాడే పని మొదలుపెట్టాడు. దళసరి ప్లైవుడ్ తెచ్చి సొరుగులకి కొత్త అడుగులు వేశాడు. మూలమూలనా చెక్కదిమ్మలు జిగురు పెట్టి మరలతో బిగించాడు. పాత ప్లాస్టిక్ పట్టాలు పీకేసి, లోపల గుండ్లతో నున్నగా జారే ఉక్కు పట్టాలు తెచ్చాడు. ఆ ట్రైలర్ల శిబిరంలో ఎవరైనా సుత్తి తీస్తే మిగతావాళ్ళు మడతకుర్చీలు తెచ్చుకుని చుట్టూ చేరడం ఆచారం. అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖర్న లేచేవాడు డెల్బర్ట్. బతుకంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. గంటకో సలహా చొప్పున ఇచ్చేవాడు. మరలకి సబ్బు రాయమన్నాడు, జిగురులో రంపప్పొట్టు కలపమన్నాడు, సొరుగులన్నీ మానేసి బకెట్లు వాడుకోమన్నాడు.

ఆర్విడ్ ఉక్కుపట్టా మీద తన పాత రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా సర్ది, గుర్తు గీశాడు. గీసి చూస్తే గుర్తు ఒకవైపు, సొరుగు పట్టే అర అంచు ఒకవైపు పోతున్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా! అరదే వంకర. నేను ముందే చెప్పలేదూ, ఫ్యాక్టరీ వెధవలకి మట్టం పట్టుకోవడం కూడా రాదని!"

"ట్రైలర్లో బుడగని నమ్మకోయ్. అర అంచు నుంచే కొలుచుకో," అన్నాడు డెల్బర్ట్ కాఫీ ఊదుకుంటూ.

"నువ్వు బస్సు నడిపావు డెల్బర్ట్. నేను ఇళ్ళు కట్టాను."

"ఇల్లు కదలదు కదా మరి."

"నేను కట్టింది కదలదు."

పాత సొరుగులకి, కాస్త పైకెత్తి లాగితేగాని రాకుండా ఒక గాడి ఉండేది. అదీ తీసేశాడు. "మట్టానికి బిగించిన సొరుగుకి గడియ దేనికి? సిగ్గుచేటు," అన్నాడు. పని పూర్తయ్యాక చిటికెన వేలితో లాగి చూపిస్తే సొరుగు వెన్నలా వచ్చి, తోస్తే వెన్నలా వెళ్ళి, అక్కడే కదలకుండా నిలబడింది. కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు. మార్లిస్ దానిమీద ఎక్కి కూర్చోబోయి మానేసింది. గట్టిగా ఉన్నాయని మాత్రం ఒప్పుకుంది.

అందరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. మార్లిస్‌కి పడుకుంటే గుండెల్లో మంట. తల ఎత్తులో పెట్టుకోమన్నాడు డాక్టరు. మంచం ట్రైలర్ ముందు వైపు ఉంది కాబట్టి, ఆగిన చోటల్లా ఆర్విడ్ జాకీ తిప్పి ట్రైలర్ ముక్కునే పైకి లేపి ఉంచేవాడు. మంచం కింద రెండు దిమ్మలు పెడితే పోయేదానికి ఇల్లంతా ఎత్తడం ఆయనకే చెల్లింది. ఏళ్ళ తరబడి అలవాటై, తాము ఏటవాలులో కాపురం చేస్తున్నామన్న ధ్యాసే ఇద్దరికీ లేదు.

యూమాకి బయల్దేరే పొద్దున వీడ్కోలు చెప్పడానికి శిబిరమంతా కాఫీ కప్పులతో వచ్చింది. ఆర్విడ్ ట్రక్కుకి తగిలించడానికి జాకీ తిప్పుతూ ట్రైలర్ ముక్కు దించడం మొదలుపెట్టాడు. మార్లిస్ లోపల చివరి కప్పు కడుగుతోంది. పై సొరుగు చప్పుడు చేయకుండా వచ్చి ఆవిడ పొట్టని తాకింది. ఆవిడ తోసేసింది. అది మళ్ళీ వచ్చింది. ఈసారి రెండోది కూడా వచ్చింది. తర్వాత పెనంతో సహా మూడోది, అడుగునున్నది, భోజనానికి పిలిచినట్టు వరసగా వచ్చి నిలబడ్డాయి.

"ఆర్విడ్! ఆ తిప్పేది ఆపు!"

ఆపాడు.

"పైకి తిప్పు!"

తిప్పాడు. ఆవిడ తోసిన సొరుగులు తోసినచోటే బుద్ధిగా ఉన్నాయి.

"దించు!"

దించాడు. అన్నీ బయటికొచ్చాయి. పై సొరుగులోంచి ఒక చెంచా ఎగిరి నేలమీద ఠంగుమంది. ఆ చప్పుడు బయటికి కూడా వినిపించింది. అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. డెల్బర్ట్ ఒక్కడే నవ్వు ఆపుకోలేక ట్రక్కు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

ఆర్విడ్ లోపలికొచ్చాడు. నేలని చూశాడు, జాకీ వైపు చూశాడు, ఫ్యాక్టరీ ఉన్న దిక్కు ఎటో దానికేసి చూశాడు. నోరు తెరిచాడు. ముక్కు ఎత్తులో ఉండగా భూమికి మట్టం చూసి బిగిస్తే, ముక్కు దించగానే, ముక్కు వైపుకి తెరుచుకునే సొరుగుల పట్టాలన్నీ ముందుకి వాలతాయని అప్పటికి బుర్రకెక్కింది. దానికి ఎవరి పేరు పెట్టాలో వెతికాడు. జాకీ తిప్పింది తను, మట్టం తనది, గుర్తు గీసింది తను. గాడి తీసేసింది కూడా తనే. ఇంకెవరూ మిగల్లేదు.

"తప్పు నాదే మార్లిస్," అన్నాడు. "డెల్బర్ట్ చెప్పాడు, నేనే వినలేదు."

తర్వాత వంగి, ఆ చెంచా తీసి, చొక్కాకి తుడిచి సొరుగులో పెట్టాడు. అది మళ్ళీ పడకుండా సొరుగుని పొట్టతో ఆనించి నిలబడ్డాడు.

మార్లిస్ ఆయన్ని కాసేపు చూసి, చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఆర్విడ్‌కి ఫ్రీజర్ చప్పుడు చెవుల్లో మొదలైంది.

"కర్ట్, నేనేరా. ఆ బేస్‌మెంట్ మాకొద్దు. నీ ఇష్టమొచ్చినవాళ్ళకి ఇచ్చుకో."

అవతల కర్ట్ ఏదో అడిగాడు.

"చెంచా పడింది. పడితే పడింది, ఏరుకోవడం నాకు కష్టం కాదు. ఏరుతున్నంతసేపూ పైనుంచి ఆ పంచాయతీ వినలేకే నేను వచ్చేస్తానన్నది. ఇవాళ మీ నాన్న తప్పు నాదేనన్నాడు. ఆయనే వంగి ఏరాడు కూడా."

తర్వాత కర్ట్ గొంతు గట్టిగా, ఆర్విడ్‌కి కూడా వినపడేంత గట్టిగా వచ్చింది.

"అమ్మా, నాన్నకి ఒంట్లో ఎలా ఉంది? దగ్గర్లో ఆసుపత్రి ఉందా?"