ఇంటివాళ్ళ అవును

గురువమ్మ పోయింది అరవై తొమ్మిది నవంబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం.

ఆ పొద్దున సిప్పీఘాట్‌లో నాటకం ఆడాం. మా బడి పిల్లలు ఎనిమిది మంది, నా భార్య గురువమ్మ, నేను. పోర్ట్ బ్లెయిర్ నుంచి అందరం చేపలవేటకు వెళ్ళే అప్పలరాముడి చిన్న పడవ, డోంగీలోనే, సముద్రపు పాయలోంచి వెళ్ళాం. నాటకం అయ్యాక అక్కడి రైతులు అన్నం పెట్టారు. తిని చేయి కడుక్కుంటుంటే అప్పలరాముడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మేష్టారూ, గాలి మారిపోనాది. ఇయ్యాల వద్దు. రాత్రికి ఈళ్ళ బడిలో పడుకుందాం. రేపు పొద్దున్నే పిల్లల్ని నాను అప్పజెప్పీస్తాను."

మర్నాడు మా బడికి ఇన్‌స్పెక్టరు రావలసి ఉంది. ఎనిమిది మంది రాకపోతే నా తరగతి సగం ఖాళీగా కనబడుతుంది.

"ఈ మాత్రం గాలి నీకు కొత్తా రాముడూ? ఎండ కాస్తోంది. పద," అన్నాను.

అతను గురువమ్మ వైపు చూశాడు. ఆమె గిన్నెలు సర్దుతోంది.

"నన్ను సూస్తావేటి తమ్ముడూ? రేపు హాజరు సరిపోకపోతే మేష్టారికి అన్నం దిగదు," అని నవ్వింది.

ఆదివారం బస్సు లేదు. ఊళ్ళోకి వెళ్ళే జీపు ఒకటి ఉంది. అందులో ఒక్కరికే చోటుంది. వేషాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను ఎక్కాను. రిజిస్టర్లు పూర్తి చేయవలసిన పని ఉంది.

డోంగీ పాయ దాటి వెడల్పు నీళ్ళలోకి వచ్చాక తిరగబడింది. పిల్లలందరూ బతికారు. గురువమ్మ మంగళవారం మడచెట్ల దగ్గర దొరికింది. ఇన్‌స్పెక్టరు ఆ సోమవారం రాలేదు. ఆయనకు వేరే ఏదో పని పడిందని కబురు వచ్చింది.

చేయి కడుక్కునే చోట అనుకున్న మాటలు విన్నది ముగ్గురం. ఇప్పుడు ఇద్దరం ఉన్నాం.

నేను ఈ ద్వీపానికి యాభై ఎనిమిదిలో తెలుగు టీచరుగా వచ్చాను. భీమిలి వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళ పిల్లలకు చదువు చెప్పడం నా పని. ఆ పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతారు. పుస్తకంలో తెలుగు వాళ్ళకు మూడో భాష. నాటకం వేయిస్తే నోరు తిరుగుతుందని నేనొక రాజుగారి కథ రాసి ఇచ్చాను. బట్టీపట్టి, చేతులు కట్టుకుని, గోడలకు చెప్పినట్టు చెప్పారు. గురువమ్మ వెనక బెంచీలో కూచుని చూసింది. ఆమె ఏనాడూ బడికి వెళ్ళలేదు.

"ఇందులో ఒక్క మాటా ఎవరింటిదీ కాదు మేష్టారూ," అంది. నన్ను ఆమె కూడా మేష్టారనే పిలిచేది. "ఆళ్ళేటి సేస్తారు పాపం? రాజుని ఎప్పుడైనా సూసినారా?"

ఆ వారమే కుళాయి దగ్గర నుంచి ఒక సంగతి పట్టుకొచ్చింది. మా వీధి చివర ఉండే కాసులమ్మ, ఓడెక్కి ఇక్కడికి వచ్చేటప్పుడు, అండమానులో రాళ్ళుండవని ఎవరో చెబితే నమ్మి రుబ్బురోలు మోసుకొచ్చింది. ఓడ దిగి తలెత్తి చూస్తే ఎదురుగా కొండ. పిల్లలు ఆ సంగతిని నలుగురూ కలిసి, తలో మాటా వేసుకుని, రెండు రోజుల్లో తయారు చేశారు. నేనేమీ రాయలేదు. కాసులమ్మ మనవరాలే కాసులమ్మ వేషం కట్టింది. వీధంతా నవ్వింది. ఆ సాయంత్రం కాసులమ్మ చీపురు తీసుకుని మనవరాలి వీపు వాయించింది.

గురువమ్మ వెళ్ళి కాసులమ్మ అరుగు మీద ఒక పూటంతా కూచుంది. వచ్చేటప్పుడు ఒక కట్టుబాటు తీసుకొచ్చింది. ఒక ఇంటి సంగతి ఆ ఇంటి పిల్లలు ఆడకూడదు, వేరే ఇంటి పిల్లలే ఆడాలి. బయట ఆడబోయే ముందు ఆ ఇంటి పెద్ద వచ్చి చూడాలి. అలాగే జరిగితే అవును అనాలి. అలా జరగకపోతే కాదు అని, ఎలా జరిగిందో చెప్పాలి. అవును అనేదాకా ఆ ముక్కను ఎక్కడా ఆడకూడదు.

మొదట కాదు అన్నది కాసులమ్మే.

"రోలు నెత్తి మీద ఎట్టుకోలేదే. ఒళ్ళో ఎట్టుకున్నాను. సంటిదాన్ని మా ఆయనకిచ్చీసినాను."

"పిల్ల కంటే రోలు ఎక్కువా పెద్దమ్మా?" అని ఎవరో అడిగారు.

"పిల్ల ఏడుస్తాది, ఎక్కడుందో తెలుస్తాది. రోలు తప్పిపోతే ఏడుస్తాదేటే?"

ఆ మాట ఉన్నదున్నట్టు నాటకంలోకి వెళ్ళింది. కాసులమ్మ అవునంది. తర్వాత చౌల్దారీ అనే ఊళ్ళో ఆడినప్పుడు మాతో పాటు వచ్చి, ముందు వరసలో కూచుని, తన మాట రాగానే వెనక్కి తిరిగి జనాన్ని చూసింది.

పదకొండేళ్ళలో అలాంటి ముక్కలు ఇరవైకి పైగా పోగయ్యాయి. బడిలో వారానికొక పీరియడు నాటకానికి ఇచ్చారు. ఆదివారాలు ఊళ్ళు తిరిగాం. గురువమ్మ సంగతులు తెచ్చేది, పిల్లలు మాటలు కట్టేవాళ్ళు, నేను వరస కుదిర్చేవాణ్ణి. అప్పలరాముడు తన పాత తెరచాపను మాకు తెరగా కట్టి, తాడు తనే పట్టుకునేవాడు. వేరొకరికి ఇచ్చేవాడు కాదు. రెండుసార్లు నాకు పెద్ద బడికి బదిలీ వస్తే వద్దని రాసి ఇచ్చాను. నా ఉద్యోగం ఏమిటని అడిగితే టీచరునని చెప్పేవాణ్ణి. మేమిద్దరం చేసిన పని మాత్రం ఇది.

ఆమె పోయిన పదిహేను రోజులకు బడికి వెళ్ళాను. పాఠాలు చెప్పాను. పిల్లలు తప్పు చదివితే దిద్దాలని అనిపించేది కాదు. దిద్దేవాణ్ణి. నాటకం పీరియడులో చూచిరాత ఇచ్చాను.

డోంగీ ఎలా తిరగబడిందని నేను ఎవరినీ అడగలేదు. చెప్పడానికి వచ్చినవాళ్ళను కూర్చోమని, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళేవాణ్ణి. టీ తాగి వెళ్ళిపోయేవారు.

అప్పలరాముడు ఒక సాయంత్రం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"తెరచాప నీళ్ళలో నానిపోనాది మేష్టారూ. ఆరబెట్టినాను. సిరుగు కూడా కుట్టీసినాను."

"సరే," అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని కాసేపు నిలబడి వెళ్ళాడు.

అబర్డీన్ బజార్‌లో చేపలమ్మే ఆడవాళ్ళు నన్ను చూడగానే మాట ఆపేవారు. కానీ ఒకరోజు నేను వెనక ఉన్నానని చూసుకోలేదు. "ముప్పై ఏళ్ళు సముద్రం మీదున్నోడికి గాలి తెలీదా? తాగుంటాడు," అంది ఒకామె. అప్పలరాముడు తాగడు. నేను చేపలు తూయించుకుని వచ్చాను. అప్పటికే అతని డోంగీలో పిల్లల్ని ఎవరూ పంపడం లేదు. అవతలి ఒడ్డుకు వెళ్ళేవాళ్ళు కూడా వేరే డోంగీ కోసం ఆగుతున్నారు. అతను ఒక్కడే వేటకు వెళ్ళి ఒక్కడే వస్తున్నాడు.

మార్చిలో పిల్లలు నా బల్ల దగ్గరికి వచ్చారు. ముందు సీతాలు, పన్నెండేళ్ళ పిల్ల. ఆ రోజు డోంగీలో ఉన్న ఎనిమిది మందిలో పెద్దది.

"సర్, ఒక కొత్త ముక్క తయారు చేశాం. మీరు చూడాలి."

"ఎవరింటిది?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సీతాలు వెనక నుంచి లక్ష్ముడు అనేవాడు తల బయట పెట్టాడు.

"ఆప్ కా హై సర్. మీ ఇంటిది. మేం ఆడొచ్చు కదా, మా ఇంటిది కాదు కదా? రూల్ అదే కదా?"

"ఒరే, నేను చెబుతున్నాను కదా, చుప్," అంది సీతాలు. "సర్, దీదీ ముక్క. మీరు అవునంటే చౌల్దారీలో ఆడతాం. వద్దంటే వద్దు."

గురువమ్మను పిల్లలు దీదీ అనేవాళ్ళు. వద్దనడానికి కట్టుబాటులో చోటు లేదు. అవును గాని, కాదు గాని. "శనివారం చూస్తాను," అన్నాను.

శనివారం బడి అయ్యాక తరగతిలో బెంచీలు గోడకు జరిపారు. కాసులమ్మ వచ్చి నా పక్కన కూచుంది. ఆమె లేకుండా ఏ ముక్కా మొదలుపెట్టరు. అప్పలరాముడు తెర కట్టి, తాడు పట్టుకుని మూల నిలబడ్డాడు. మా గుమ్మం దాకా వచ్చిన ఆ సాయంత్రం తర్వాత అతన్ని అంత దగ్గరగా చూడటం అదే. నా వైపు చూడలేదు.

ఒక బెంచీని తిరగేసి డోంగీ అన్నారు. సీతాలు గురువమ్మ. పిల్లల తలల మీద ఒక్కొక్క వేలు పెట్టి లెక్కపెట్టడం గురువమ్మ అలవాటు. సీతాలు అలాగే చేసింది. లక్ష్ముడు అప్పలరాముడు. నడుముకు తువ్వాలు బిగించి, తెడ్డు పైకెత్తి, ఛాతీ విరిచి అరిచాడు.

"ఎక్కండి, ఎక్కండి! ఈ మాత్రం గాలి నాకు కొత్తా? చలో!"

పిల్లలు ఎక్కారు. నేను ఆ ముక్కలో లేను. "సర్ జీపులో వెళ్ళిపోయారు," అని ఒక పిల్ల అంది, అంతే. చేయి కడుక్కునే చోట ఏం జరిగిందో పిల్లలకు తెలియదు. అప్పటికే వాళ్ళు ఒడ్డున గవ్వలు ఏరుకుంటున్నారు. డోంగీ నడిపేవాడు ఎక్కమంటేనే ఎక్కుతారు కాబట్టి అతనే ఎక్కమని ఉంటాడని అనుకున్నారు. 'ఈ మాత్రం గాలి కొత్తా' అన్న మాట వాళ్ళకు ఎలా దొరికిందో నాకు తెలియదు. పాఠం చెప్పేటప్పుడు నేను అలాగే మాట్లాడతానేమో.

తర్వాత బెంచీ పక్కకు ఒరిగింది. నేను నాలుగు నెలలుగా వినకుండా తప్పించుకున్నది వరసగా నా ముందు జరిగింది. లక్ష్ముడు ఐదుగురిని పైకి లాగాడు. సీతాలు ఇద్దరిని అతని వైపు తోసింది. తర్వాత, సీతాలుగా వేషం కట్టిన ఒక చిన్నపిల్లను తోసింది. తర్వాత చేత్తో గాలిలో తలలు లెక్కపెట్టింది.

"ఎనిమిది. ఎనిమిదీ ఉన్నారు రాముడూ. మేష్టారికి సెప్పు, హాజరు సరిపోనాది."

అని నేల మీద కూచుంది. లేవలేదు. అప్పలరాముడు తాడు వదిలాడు. తెర సగం దాకా దిగి ఆగింది.

పిల్లలు వరసగా వచ్చి నిలబడ్డారు. ఇలా నిలబడటం వాళ్ళకు అలవాటే. ఇంటివాళ్ళు మాట చెప్పేదాకా కదలరు.

"సెప్పు బాబూ," అంది కాసులమ్మ.

నేను బెంచీ వైపు చూస్తూ కూచున్నాను. సీతాలు మూలకు తిరిగింది.

"బాబాయ్, నువ్వూ ఉన్నావు కదా డోంగీలో. నువ్వు చెప్పు. ఇలాగే కదా?"

"మేష్టారింటి ముక్క అమ్మా. మేష్టారు సెప్పినాక నాదేటుంది."

"నేను నీలాగే చేశానా బాబాయ్?" అన్నాడు లక్ష్ముడు.

అప్పలరాముడు తెడ్డు వాడి చేతిలోంచి తీసుకుని తిప్పి పట్టించాడు. "ఇలాగ పట్టుకోవాల. మిగతాదంతా బాగానే సేసినావు. నాకంత గొంతు లేదురా."

పిల్లలు నవ్వారు. మళ్ళీ నా వైపు చూశారు.

"బెంచీ కొంచెం ముందుకు జరపాలి," అన్నాను. "వెనక కూచున్నవాళ్ళకు కనిపించదు."

జరిపారు.

"అవునా సర్?"

"ఇంకోసారి చూస్తాను."

పిల్లలు వెళ్ళాక తెరచాప మడతపెట్టడానికి అప్పలరాముడికి ఒక కొస పట్టాను. ఎప్పుడూ ఆ కొస గురువమ్మ పట్టేది. రెండు మడతలు వేశాం.

"నువ్వు చెప్పెయ్యొచ్చుగా రాముడూ," అన్నాను.

"ఏటి సెప్పను? పెళ్ళాన్ని పోగొట్టుకున్న మనిషి మీద మాటేయమంటారా?" అతను అంచులు సరిచేశాడు. "ఊరోళ్ళు ఏటనుకున్నా పరవాలేదు మేష్టారూ. సేపలకి తెలీదు కదా నా పేరు సెడిందని. మా కామమ్మ అడిగింది మొన్న. అయ్యా, గాలుందని తెలిసే ఎక్కించావంట కదా అని. తొమ్మిదేళ్ళ పిల్ల. దానికేటి సెప్పమంటారు?"

నేను కొస అతని చేతికి అందించాను. అతను చాపను భుజానికెత్తుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత ఐదు శనివారాలు గడిచాయి. ప్రతిసారీ చూశాను. ఒకసారి గొంతు వినబడలేదన్నాను. ఒకసారి చీర రంగు అది కాదన్నాను. ఆ రంగు నిజంగా అది కాదు. పిల్లలు వెళ్ళి సరైన రంగు చీర తెచ్చారు. లక్ష్ముడు ప్రతిసారీ ఛాతీ విరిచి అదే మాట అరుస్తున్నాడు. అప్పలరాముడు ప్రతిసారీ వచ్చి తాడు పట్టుకుంటున్నాడు.

పోయిన శనివారం కాసులమ్మ లేస్తూ నా భుజం పట్టుకుంది, మోకాళ్ళ నొప్పికి.

"రోలు ఒళ్ళో ఎట్టుకుని పిల్లని అవతలికిచ్చీసినానని పదిమందిలో సెప్పడానికి నాకు సిగ్గేసింది బాబూ. సెప్పమని గురువమ్మ పూటంతా కూకుంది నా అరుగు మీద. సెప్పినాను."

ఆమెకేమైనా తెలుసో, ఊరికే అందో నాకు తెలియదు. గుమ్మం దాకా సాయం వెళ్ళాను.

చౌల్దారీ వాళ్ళు మే నెలలో రమ్మన్నారు. కొత్త ముక్క తెస్తున్నామని పిల్లలు కబురు పంపారు. దాన్ని ఇలాగే ఆడితే అప్పలరాముడి పేరు ప్రతి ఊళ్ళోనూ ఇలాగే మిగులుతుంది. అసలు ఆడకపోయినా మా వీధిలో ఇలాగే ఉంటుంది. కాదు అని, ఎలా జరిగిందో చెప్పవలసినవాణ్ణి నేను. ఆ మాటలు ఇక్కడ రాశాను. పిల్లల ముందు ఇంకా చెప్పలేదు.